మూడు జపమాలలు

జూన్ పదకొండుకు సృజన మఠంలో మొదటి మాటపట్టు ఇచ్చి తొమ్మిదేళ్లు నిండుతాయి. మఠకన్యల చట్టంలో తొమ్మిదేళ్లంటే ఆఖరు. అప్పటిదాకా ఏడాదికోసారి మాటపట్టు ఇచ్చుకుంటూ రావచ్చు. పెళ్లాడను, సొంత ఆస్తి ఉంచుకోను, పెద్దల మాట దాటను అని దేవుడికి ఇచ్చే మాట అది. తొమ్మిదేళ్లు నిండేలోగా నిత్య మాటపట్టు ఇచ్చి చచ్చేదాకా మఠంలో ఉండాలి. లేదంటే సంచి సర్దుకుని ఇంటికి పోవాలి. పదో ఏడు అనేది లేదు.

సృజనకు ఉండాలని ఉంది. ఇంకేమీ అక్కర్లేదు ఆమెకు. పదహారో ఏట, సంగారెడ్డిలో సిస్టర్ల హాస్టల్లో చదువుతుండగా, ఒక సిస్టర్ పుండ్లు పడ్డ ముసలామె కాళ్లు కడగడం చూసింది. ఆ ఆదివారం ఇంటికి పోయి, నేను కూడా ఇదే పని చేస్తానని చెప్పింది. తండ్రి సంగయ్య నెల రోజులు మాట్లాడలేదు. తల్లి ఆగమ్మ మాట్లాడింది, తిట్టింది, ఏడ్చింది, ఆఖరికి తనే తీసుకొచ్చి మఠం గేటు దగ్గర దింపింది. వాళ్లది కంది దగ్గరి ఊరు. భూమి లేని మాదిగ ఇల్లు. ఒకప్పుడు పటేండ్ల పొలాల్లో కూలి, ఇప్పుడు మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద ఊడ్చే పని. ఆగమ్మ ఇప్పటికీ ఎల్లమ్మకు బోనం ఎత్తుతుంది. బిడ్డ ఏ దేవుడి దగ్గరున్నా నలుగురి చేత అమ్మా అనిపించుకుంటుందని ఆమె సంతోషం.

కిష్టారెడ్డిపేట కాన్వెంటులో సిస్టర్లు ఐదుగురు. ఇంటి పెద్ద, సుపీరియర్ జోజిరాణి. బడి హెడ్మిస్ట్రెస్ విమల. మందుల గది చూసే ఫిలోమిన. మంచం పట్టిన ఇన్నమ్మ. ఐదో మనిషి సృజన. వంట ఆమెదే, ఇన్నమ్మ బాధ్యతా ఆమెదే. మఠంలో కులం లేదని అందరూ చెప్తారు. వంటగదిలోకి ఎవరిని పంపాలన్న అనుమానం మాత్రం ఏ సుపీరియర్‌కూ రాలేదు.

ఇన్నమ్మకు డెబ్బై తొమ్మిదేళ్లు. ఒకప్పుడు కొత్త పిల్లలకు శిక్షణ ఇచ్చిన గురువమ్మ. సృజనకూ ఆమే నేర్పింది. నాలుగేళ్ల కింద పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. రెండు గంటలకోసారి అటూ ఇటూ తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. నాలుగేళ్లలో ఒక్క పుండు పడలేదు. ఇది మాటలు కాదు, ఆస్పత్రుల్లో జీతాలు తీసుకునేవాళ్ల వల్ల కూడా కాని పని. ఇన్నమ్మ సృజన చేతి ముద్ద తప్ప మింగదు. ఇంకెవరైనా పెడితే పెదాలు బిగించేస్తుంది.

ఆ వేసవిలోనే జోజిరాణికి రజత జూబిలీ వచ్చింది. మాటపట్టు ఇచ్చి ఇరవై ఐదేళ్లు. నలభై రోజుల ముందే చెప్పారు, అందరూ పూలగుత్తి సిద్ధం చేసుకోవాలని.

పూలగుత్తి అంటే పూలు కావు. పేదరికపు వ్రతం ఉంది కాబట్టి సిస్టర్లు చీరలు, గడియారాలు ఇచ్చుకోరు, ప్రార్థనలు ఇచ్చుకుంటారు. ఒక కార్డు మీద గులాబీలు గీసి, మీకు కృతజ్ఞతగా ఇన్ని జపమాలలు చెప్పాను, ఇన్ని పూజల్లో పాల్గొన్నాను, ఇన్ని త్యాగాలు చేశాను అని అంకెలు వేసి ఇస్తారు. ఐదు వందలని రాసినవాళ్లు నిజంగా ఐదు వందలు చెప్పారా అని అడిగే నాథుడు లేడు. అంకె ఎంత పెద్దదైతే ప్రేమ అంత పెద్దది. అందరికీ తెలిసిన అబద్ధమే. దాన్ని అబద్ధమని ఎవరూ అనరు, అంతే.

సృజనకు ఆ సంగతి తెలియదు. ఇన్నాళ్లూ పెద్దవాళ్ల కార్డు కింద ఆమె పేరు కూడా రాసేవారు. నిత్య మాటపట్టుకు సిద్ధమవుతున్నవాళ్లు మాత్రం సొంత కార్డు ఇవ్వాలి. ఇది మొదటిసారి. పైగా చెప్పని జపాన్ని చెప్పినట్టు రాస్తే అది దేవుడి ముందు దొంగతనమని గురువమ్మగా ఇన్నమ్మ ఆమెకు నేర్పింది. అందుకని సృజన నలభై రోజులూ నిజాయితీగా గుర్తు పెట్టుకుంది. అందరితో కలిసి గుడిలో చెప్పేవి పోను, తనంతట తాను జోజిరాణి కోసం పూర్తి చేసినవి మూడు. మిగతావన్నీ రెండో పది పూసల్లోనే నిద్ర ముంచుకొచ్చి ఆగిపోయాయి. నాలుగింటికి లేచే మనిషి. ఆగిపోయినవాటిని ఎలా రాస్తుంది?

జపమాలలు మూడు అని రాసింది. త్యాగాల దగ్గర ఏం రాయాలో తోచక, ఇన్నమ్మ సిస్టర్ పక్కగుడ్డలు ఉతికిన రోజులు నలభై అని రాసింది. గులాబీ బాగా కుదిరిందని మురిసిపోయింది కూడా.

జూబిలీ రోజు పూజ అయ్యాక బడి హాల్లో సభ. ఊరి గుడి చూసే విచారణ గురువు ఫాదర్, పిల్లల తల్లిదండ్రులు, అమీన్‌పూర్ అపార్టుమెంట్ల నుంచి వచ్చిన పెద్దమనుషులు. మొదటి వరుసలో వెంకటేశం. ఈ చుట్టుపక్కల పొలాలు ప్లాట్లుగా మారడంలో ఆయన చెయ్యి లేని చోటు లేదు. బడి స్థలం ఒకప్పుడు ఆయనదే. హిందువు, సిస్టర్లంటే గౌరవం, ఏ సభకు పిలిచినా శాలువా కప్పించుకుని పోతాడు.

విమల మైకు పట్టుకుని కార్డులు చదివింది. తనవి ఐదు వందల జపమాలలు. ఫిలోమినవి రెండు వందలు. చప్పట్లు. తర్వాత సృజన కార్డు. మూడు. పక్కగుడ్డలు నలభై. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. జోజిరాణి ముఖం మీది చిరునవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మారాయి.

అక్కడితో ఆగినా బతికిపోయేది. వెంకటేశం లేచాడు. ఆయనకు ఈ ఆచారం కొత్త. అంకెలు కనిపిస్తే చేతులూరుకోవు.

"ఫాదర్, తెల్వక అడుగుతున్న, ఏమనుకోవద్దు. జపమాల ఒక్కటి జెప్పనీకి ఎంతసేపు వడ్తది?"

ఇరవై నిమిషాలని ఫాదర్ నవ్వుతూ చెప్పాడు. వెంకటేశం ఫోను తీసి నొక్కాడు.

"ఐదు నూర్లకు పదివేల నిమిషాలు. నూట అరవై ఆరు గంటలు. నలభై దినాలల్ల అంటే రోజుకు నాలుగ్గంటల మీదికి. మరి బడి ఎప్పుడు నడుపుతున్రు మేడం? గా మూడు రాసిన పిల్లను జూడుండ్రి, గామె సక్కగ రాసింది."

హాలంతా ఘొల్లుమంది. తల్లిదండ్రులు నవ్వారు, పిల్లలు నవ్వారు, ఫాదర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. వెంకటేశం సృజన వైపు చూసి శెభాష్ అన్నట్టు తలూపాడు. ఆ పిల్లకు మేలు చేశాననుకుని బిర్యానీ తిని వెళ్లిపోయాడు.

మర్నాడు జోజిరాణి సృజనను ఆఫీసుకు పిలిచింది. బల్ల మీద నాలుగు ఫారాలున్నాయి. నిత్య మాటపట్టు ఇచ్చిన నలుగురూ సృజన గురించి తలా ఒకటి నింపి సీలు వేసి, ఈ మఠాలన్నిటికీ పెద్ద అయిన ప్రొవిన్షియల్‌కు పంపాలి. కింద మూడు గళ్లు. తగినది. ఇంకా సమయం కావాలి. తగదు. సగానికి పైగా తగినది అంటేనే పై కౌన్సిల్ ఒప్పుకుంటుంది. సగమంటే చాలదు.

జోజిరాణి అరవలేదు. అరిచే మనిషి కాదు. నిన్ను ఎక్కడి నుంచి తెచ్చామో గుర్తుందా అని మెల్లిగా అడిగింది. పద్నాలుగేళ్లు తిండి పెట్టి, చదువు చెప్పి, ఈ బట్ట కట్టబెట్టిన ఇంటికి నువ్వు చూపించే కృతజ్ఞత మూడు జపమాలలు, ఒక మూట మురికి గుడ్డలా అంది. ఆ కార్డు జూబిలీ పుస్తకంలో అంటిస్తారనీ, ప్రొవిన్షియల్ చూస్తారనీ చెప్పింది. కొత్త కార్డు ముందుకు జరిపింది.

"మూడు వందలు రాయి. తర్వాత తీరిగ్గా చెప్పుకో, ఎవరు వద్దన్నారు? నువ్వు రాస్తే నా ఫారంలో తగినది అని పెడతాను. నేను మాట తప్పను."

సృజన కార్డు తీసుకుని ఇన్నమ్మ గదికి పోయింది. పక్క తిప్పే వేళ అయింది. తిప్పి, వీపు తుడిచి, పౌడరు చల్లి, అప్పుడు అడిగింది.

"చెప్పని జపం రాసుడు దొంగతనమని మీరే జెప్పిన్రు గద సిస్టర్. ఇప్పుడేం జెయ్యాలె?"

ఇన్నమ్మ మాట ముద్దగా వస్తుంది. నాలుగేళ్లుగా వింటున్న సృజనకు ప్రతి అక్షరం అర్థమవుతుంది.

"దొంగతనమే. ఇప్పుడూ అదే చెప్తా. రాసెయ్."

"పాపం గాదా మరి?"

"పాపానికి పాపసంకీర్తనం ఉందే పిల్లా, ఫాదర్ చెవిలో చెప్పుకుంటే పోతుంది. గేటు బయటికి పోతే నీకేముంది? రాసి నా దగ్గర పడి ఉండు."

సృజన రాసింది. మూడు వందలని రాస్తుంటే సున్నా ఒకటి వంకర పోయింది. గులాబీ గీయలేదు. ఆ రోజు నుంచే చెప్పడం మొదలుపెట్టింది, గిన్నెలు తోముతూ, బియ్యం ఏరుతూ, ఇన్నమ్మ గుడ్డలు జాడిస్తూ. చేసిన అబద్ధాన్ని నిజం చెయ్యాలని ఆమె పట్టుదల. నూట పన్నెండు అయ్యాయి.

ఫారాలు నింపే రోజు వచ్చింది. ఫిలోమిన తగినది అని గుర్తు పెట్టింది. నాలుగేళ్లలో ఒక్క పుండు లేని వీపును రోజూ చూస్తున్న మనిషి ఆమె. విమల ఇంకా సమయం కావాలి అని పెట్టింది. ఐదు వందల నవ్వు ఆమె చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. జోజిరాణి మాట నిలబెట్టుకుంది, తగినది అని పెట్టింది. ఇక ఇన్నమ్మ.

ఇన్నమ్మ కళ్లకు అక్షరాలు ఆనవు. జోజిరాణి మంచం పక్కన కూర్చుని చదివి వినిపించింది. ఫిలోమిన కిటికీ దగ్గర మందులు సర్దుతోంది. గంజి చేతపట్టుకుని వచ్చిన సృజనను బయటే ఆగమన్నారు.

ఇన్నమ్మ మనసులో ఒకటే ఉంది. నిత్య మాటపట్టు ఇచ్చినవాళ్లను నెల తిరక్కుండా వేరే ఇంటికి పంపుతారు. అది రివాజు. సృజనను నర్సింగ్ నేర్పడానికి ఆదిలాబాద్ మిషన్‌కు పంపుతారని ఈ గదిలోనే మాట్లాడుకున్నారు, ముసలిది నిద్రపోతోందనుకుని. ఆమె గురువమ్మగా ఉన్న రోజుల్లో ఎంతమంది పిల్లల కాగితాల మీద ఇంకా సమయం కావాలి అని రాసిందో. ఆ పిల్లలంతా ఇంకో ఏడాది అక్కడే ఉండి వంట చేసేవారు, తుడిచేవారు. వాళ్లు మాటపట్టు ఇచ్చి అప్పటికి రెండేళ్లో మూడేళ్లో. మంచంలో పడ్డాక ఇన్నమ్మకు సంవత్సరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. సృజన ఆమెకు ఇంకా మొన్న మొన్న వచ్చిన పిల్లే.

"ఇంకా సమయం కావాలి అంటే, ఇంకో ఏడాది ఇక్కడే ఉంటుంది కదా?" అని అడిగింది.

జోజిరాణి పెన్ను మూత తిప్పింది. తొమ్మిదేళ్లు నిండుతున్నాయని ఒక్క మాట చెప్తే సరిపోయేది. ఆమె నోటి నుంచి ఆ మాట రాలేదు. అది కౌన్సిల్ చేతుల్లో ఉంటుంది సిస్టర్, మీ మనస్సాక్షి ఏం చెప్తే అది పెట్టండి అంది.

ఇన్నమ్మ కుడి చెయ్యి ఇంకా పనిచేస్తుంది. నడిమి గడి ఎక్కడో చూపించమని అడిగి, తన చేత్తో తనే గుర్తు పెట్టింది. ఫిలోమిన చూసింది. నోరు తెరిచింది. జోజిరాణి ఆమె వైపు ఒక చూపు చూసింది. ఫిలోమిన మందుల సీసా మూత బిగించుకుంటూ బయటికి నడిచింది.

ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. పన్నెండో రోజున ప్రొవిన్షియల్ ఉత్తరం వచ్చింది. సృజన సేవలకు మఠ సభ ఎంతో కృతజ్ఞతతో ఉంది, ఆమె పిలుపు మరో బాటలో ఉందని ప్రార్థనాపూర్వకంగా గ్రహించాం అని రాశారు. ఉత్తరంలో ఒక్క కటువైన మాట లేదు. పదకొండో తారీఖు లోపల పొమ్మన్నారు.

పోయే సిస్టర్‌కు ముందురోజు భోజనాల గదిలో వీడ్కోలు ఉంటుంది. వరుసగా అందరూ ఒక్కో కృతజ్ఞత చెప్పాలి. విమల సాంబారుకు కృతజ్ఞతలు చెప్పింది. జోజిరాణి విధేయతకు చెప్పింది. ఫిలోమిన ఏదో మొదలుపెట్టి, మధ్యలో ఆపి, నీళ్లు తాగింది. తర్వాత సృజన లేచి అందరికీ కృతజ్ఞతలు చెప్పి, తప్పులుంటే క్షమించమని మోకాళ్ల మీద అడగాలి. రివాజు. ఆమె లేచింది, ఎంగిలి కంచాలు ఎత్తి కడగడానికి పోయింది. చూశారా బుద్ధి అని విమల అనడం వంటగదిలోకి వినిపించింది.

తెల్లారి బట్టలు అప్పజెప్పింది. ముసుగు, అంగీ, మెడలో సిలువ. పేదలకు పంచడానికి తల్లిదండ్రులు బడికి ఇచ్చే పాత బట్టల పెట్టెలోంచి ఒక చుడీదార్ తీసి ఇచ్చారు. భుజాల దగ్గర బిగుతు. తొమ్మిదేళ్ల తర్వాత తలకు గాలి తగిలి, ఏదో మర్చిపోయినట్టు మాటిమాటికీ తడుముకుంది.

ఇన్నమ్మకు ఎవరూ చెప్పలేదు. సృజనే గంజి తీసుకుని పోయింది. చుడీదార్‌ను ఇన్నమ్మ మసక కళ్లు పోల్చుకోలేదు. నాలుగు చెంచాలు మింగి, చాలా రోజుల తర్వాత హుషారుగా మాట్లాడింది. నిన్ను ఆదిలాబాద్ పంపుదామనుకున్నారే, నేను పోనిచ్చానా అంది. ఫారంలో ఏ గడిలో గుర్తు పెట్టిందీ చెప్పింది. తన తెలివికి తనే నవ్వుకుంది.

"ఇంకో ఏడాది నా దగ్గరే. నాకు థాంక్స్ చెప్పవే."

సృజన చేతిలో చెంచా ఆగింది. విమల కాక తనకు ఎదురు గుర్తు పెట్టిన రెండో మనిషి ఎవరో అప్పటిదాకా ఆమెకు తెలియదు. జోజిరాణి మాట తప్పి ఉంటుందనే అనుకుంది.

చెప్పకుండా పోవచ్చు. ముసలిప్రాణం, ఇంకెన్నాళ్లు ఉంటుంది, ఆ సంతోషంతోనే పోతుంది. ఏ మంచి సిస్టరైనా అదే చేస్తుంది. సృజన మూతి తుడిచి, గిన్నె కింద పెట్టి, ఇన్నమ్మ చెవి దగ్గరికి వంగి, ప్రతి మాటా అర్థమయ్యేలా చెప్పింది.

"నాకు తొమ్మిదేండ్లు నిండినయ్ సిస్టర్. ఇగ ఏడాది లేదు. మీరు పెట్టిన గుర్తుతోనే నన్ను ఎల్లగొడ్తున్రు. ఇయ్యాల్నే పోతున్న. రేపటి సంది మిమ్మల్ని తిప్పేటోళ్లు లేరు."

ఇన్నమ్మ ముఖంలో పనిచేసే సగం వణికింది. కుడి చెయ్యి గాలిలో వెతికింది. చుడీదార్ బట్ట చేతికి తగిలింది, మఠం బట్ట కాదని తెలిసింది. పట్టుకుంది. సృజన ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడిపించుకుని వచ్చేసింది.

ఆగమ్మ కంపెనీ నైటు డ్యూటీ దిగి, కాంట్రాక్టరిచ్చిన నీలం కోటు మీదే ఆటోలో వచ్చింది. గేటు దగ్గర బిడ్డను కిందికీ మీదికీ చూసింది. నిత్య మాటపట్టు పండక్కి వాడకట్టంతా రావాలని అందరికీ చెప్పి పెట్టుకున్న మనిషి. ఏం తప్పు చేసినవే అని అడగలేదు. సంచి అందుకుంది. ఆటో కదిలాక మాత్రం ఒక మాట అంది. "పద్నాలుగేండ్లు వాళ్ల గిన్నెలు తోమినవ్. గదేదో మనింట్ల తోమితే అయిపోవు గదనే."

పది రోజులకు తల్లి పనిచేసే కంపెనీలోనే సృజనకు ప్యాకింగులో పని దొరికింది. నెత్తికి టోపీ, మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు. మాత్రల అట్టలు పెట్టెల్లో పెట్టాలి. ఎవరూ ఎవరితో మాట్లాడే వీలు లేదు. నువ్వు ముందు ఏం జేసేదానివని క్యాంటీన్‌లో పక్క టేబులు పిల్ల అడిగితే, ముసలోళ్లను చూసుకునేదాన్నని చెప్పింది.

ఒక ఆదివారం పొద్దున జోజిరాణి ఫోను చేసింది. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. ఇన్నమ్మ తినడం లేదట. ముక్కులోంచి గొట్టం వేశారట, పీకేసుకుందట. ఇద్దరు ఆయాలను పెడితే ఇద్దరూ పారిపోయారట. నువ్వు వచ్చి చూసుకో, ఆయా జీతం ఇస్తాం, నీకు ఇంత చేసిన ఇంటి మీద ఆ మాత్రం కృతజ్ఞత ఉంటుంది కదా అంది.

"సిస్టర్‌గ రమ్మంటే ఇప్పుడే వస్త," అంది సృజన.

"అది నా చేతుల్లో లేదమ్మా. నీకు తెలుసు."

"ఆయాగ అయితే రాను."

జోజిరాణి ఫోను పెట్టలేదు, ఇన్నమ్మ నీ పేరే కలవరిస్తోంది సృజనా, నిన్ను పెంచిన తల్లి లాంటిది అంది. ఆగమ్మ పక్కనే కూర్చుని అంతా వింటోంది. చేత్తో పో, పో అని సైగలు చేసింది. ముసల్ది సచ్చిపోతదే, పాపం తగుల్తది, ఒక్క పూట పొయి తినవెట్టి రాయే అని గుసగుసలాడింది. సృజన ఫోను పెట్టేసింది. నువ్వు గింత రాయివెప్పుడైనవే అని తల్లి అడిగింది. ఉతికిన కోటు తీసుకుని సృజన ఆరేయడానికి బయటికి పోయింది.

ఆ తర్వాత ఇన్నమ్మ తొమ్మిది రోజులు బతికింది. పదో రోజు మధ్యాహ్నం కంపెనీ క్యాంటీన్‌లో, సృజన లాకర్‌లోంచి తీసుకున్న ఫోనులో ఫిలోమిన పంపిన మెసేజీ ఉంది. ఇన్నమ్మ ఈ తెల్లవారుజామున పోయారు, వీపంతా పుండ్లు, చూడలేకపోయాం, మట్టి చెయ్యడం రేపు పదింటికి. అందరూ నువ్వు వస్తావనుకుంటున్నారు అని చివర రాసింది.

ఏమైందక్కా అని పక్క పిల్ల అడిగింది.

"మా గురువమ్మ సచ్చిపోయింది."

"అయ్యో. పోవా మరి? సూపర్‌వైజర్‌కు చెప్తే పంపుతడు."

సృజన అన్నం డబ్బా ముందుకు లాక్కుంది. డబ్బా మూత తీసింది. అన్నం, పప్పు, పొద్దున ఆగమ్మ వేయించిన రెండు మిరపకాయలు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఇంకొకటి కలిపింది. మొత్తం తిని, డబ్బా కడిగి, టోపీ పెట్టుకుని, బెల్లు కొట్టకముందే లోపలికి పోయింది.